ఇల్లిప్పాడం పడవ కట్టినవాడు

మా నాన్న కట్టిన పడవకి వేరొకరి పేరు రాసిపెట్టింది నేనే. పదకొండేళ్ళ కిందట, నా సొంత చేతులతో, కింద ఆధారం చూపించి మరీ రాశాను. ఆ రాత ఇత్తడి రేకు మీదికెక్కి శాశ్వతం కాబోయిన వానాకాలం సంగతి ఇది.

మా కేరళలో, జూన్ మధ్యలో మొదలయ్యే మిథునం నెలలో, వాన పట్టుకుని అది నాలుగో రోజు. మా ముంగిట్లో మోకాలి లోతు నీళ్ళు. బోట్ క్లబ్ సెక్రటరీ విజయప్పన్ చిన్న పడవ మీద వచ్చి, దాన్ని మా అరుగు స్తంభానికి కట్టేసి, గొడుగు మడవకుండానే లోపలికి వచ్చాడు. మా వైపు వడ్రంగిని ఆశారి అంటారు; నాన్న, అంటే వేలాయుధన్ ఆశారి, అరుగు మీద కూర్చుని స్టూలు కాలికి చిత్రిక పడుతున్నాడు. తమ్ముడు సజీవన్ ఎవరిదో బోటు ఇంజను విప్పి నేలంతా పరిచాడు. నేను బడికి బయలుదేరుతూ విజయప్పన్ చేతికి టీ గ్లాసు ఇచ్చాను.

"ఇక కొట్టుకోం టీచర్," అన్నాడు విజయప్పన్. "గొడవ తీరిపోయింది."

గొడవ మా ఊరందరికీ తెలిసిందే. ఇల్లిప్పాడం చుండన్, అంటే మా ఊరి పోటీ పడవ, నూరు మంది తెడ్డు వేసే పాము పడవ, ఆ ఏడు పాత పలకలు మార్చుకుని కొత్తగా నీళ్ళలోకి దిగబోతోంది. పడవశాల గోడకి దాని చరిత్ర చెక్కిన ఇత్తడి రేకు బిగించాలని క్లబ్బు అనుకుంది. అక్కడే మొదలైంది. మాను ఇచ్చింది మా తాత అని ఒకరు, స్థలం ఇచ్చింది మా మామ అని ఇంకొకరు, మూడు మీటింగుల్లో రెండు కుర్చీలు విరిగాయి.

"ఏం తేల్చారు?" అన్నాను.

"మీరంతా కలిసి రాస్తారే, ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం. అందులో మన పడవ గురించి ఏముంటే అదే చెక్కిస్తాం. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదని తీర్మానం. అది ఎవరి సొత్తూ కాదు కదా. చెల్లప్పన్ మూత్తాశారి కట్టాడని ఉంది, మంచి మాట, ఆయన తరఫు వాళ్ళెవరూ ఊళ్ళో లేరు, కొట్లాడరు." టీ గుటక వేసి నాన్న వైపు తిరిగాడు. "మీరూ ఆ పడవకి పని చేశారటగా ఆశారీ?"

నాన్న చిత్రిక ఆపలేదు. "చేశాను," అన్నాడు.

అంతే అన్నాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి.

నిజానికి ఆ పడవ మా నాన్నది. 1978లో పెద్ద వడ్రంగి చెల్లప్పన్ మూత్తాశారి అడుగుపలక వేసి, పక్షవాతం వచ్చి మంచమెక్కాడు. మిగిలిన పడవంతా, ముక్కు నుంచి తోక దాకా, ఇరవయ్యారేళ్ళ నాన్న ఏడు నెలల్లో కట్టాడు. నీళ్ళలోకి దింపే రోజున పడవ కట్టినవాడికి కొత్త బట్ట పెట్టడం మావాళ్ళ ఆచారం. ఆ రోజు ఆ బట్టని, కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చిన చెల్లప్పన్ మూత్తాశారికి పెట్టారు. ఆ కుర్చీ మోసినవాళ్ళలో నాన్న ఒకడు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, సర్వస్వంలో కొత్తగా చేరిన ఉత్సాహంలో ఆ పడవ మీద వ్యాసం మొదలుపెట్టి, క్లబ్బు వాళ్ళ రజతోత్సవ సంచికలో అచ్చయిన పేరే రాశాను. ఇంట్లో విన్నమాట ఆధారం కాదు, అచ్చులో ఉన్నదే ఆధారం అని మా నియమం. చూపిస్తే నాన్న అద్దాలు పెట్టుకుని చదివి "బాగుంది మోళే" అని కూతుర్ని మెచ్చుకున్నాడు. నేను గర్వపడ్డాను కూడా. ఎంత మూర్ఖురాలినో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విజయప్పన్ పడవ వీధి మలుపు తిరగ్గానే సజీవన్ స్పానర్ విసిరి ఈ అక్క మీద పడ్డాడు.

"చేచ్చీ, నువ్వు ఆ సర్వస్వానికి నిర్వాహకురాలివి కదా? నిమిషంలో మార్చెయ్."

"నేను మార్చకూడదు."

"ఎందుకు?"

"ఆయన మన నాన్న కాబట్టి. సొంతవాళ్ళ గురించి సొంతవాళ్ళు రాయకూడదు. ఎవరైనా రాస్తే తీసేసేది నేనే."

"ఊరందరి గుమ్మాలకీ కాపలా కాస్తావు. మన గుమ్మంలో నాన్న పేరు నువ్వే ఊడ్చి పారేశావు. నీకంటే విజయప్పన్ నయం."

"ఒరేయ్, ఆపండి," అన్నాడు నాన్న. "చెల్లప్పన్ మూత్తాశారి నాకు ఉలి పట్టడం నేర్పాడు. ఆయన పేరు చెరిపి నాది రాయమని నేను ఎవరినీ అడగను." చిత్రిక తిరగేసి పొట్టు దులిపాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి రోజు సాయంత్రం ఫెర్రీలో ఇంటికి వస్తూ ఫోను తెరిస్తే, ఇల్లిప్పాడం చుండన్ వ్యాసంలో ఎవరో పేరు లేకుండా కొత్త వాక్యం చేర్చి ఉన్నారు. "ప్రపంచ ప్రఖ్యాత శిల్పి, మహామేధావి వేలాయుధన్ ఆశారి తన దివ్యహస్తాలతో నిర్మించిన ఈ పడవ..." ఇంకా చాలా ఉంది. పదకొండు నిమిషాల్లో దాన్ని ఎవరో తీసేశారు కూడా. తీసేసినవాడి పేరు చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. నీటికాకి.

నీటికాకి ఎవరో నాకు తెలియదు. మాలో చాలామందికి ఇలాంటి మారుపేర్లే. రెండేళ్ళ కిందట ఆయన మా పక్క ఊరు పుల్లాంకడవ్ పడవ గురించి "అద్వితీయ సౌందర్యం గలది" అని రాస్తే, "ఆధారం?" అని ఒక్క ముక్క రాసి తీసేశాను. అప్పటి నుంచీ నా ప్రతి దిద్దుబాటులోనూ ఈకలు పీకుతాడు. ఈసారి తీసేస్తూ ఇలా రాశాడు: "ఆధారం లేదు. దివ్యహస్తాలకి అసలే లేదు." దాని కింద ఇంకో వరస. "ఈ దిద్దుబాటు ఇల్లిప్పాడంలోని ఇంటర్నెట్ నుంచి వచ్చింది. ఆ ఊళ్ళో ఉండే నిర్వాహకులు ఎవరైనా దీని గురించి చెప్పగలరా?"

ఆ ఊళ్ళో ఉండే నిర్వాహకురాలిని నేనొక్కదాన్నే.

ఇంటికి వెళ్ళేసరికి సజీవన్ ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు ముందు పెట్టుకుని తింటున్నాడు. దుంప ముక్క నోట్లో ఉండగానే నా ముఖం చూసి నమలడం ఆపాడు.

"దివ్యహస్తాలట్రా?"

"బాగాలేదా?"

"నాన్నకి ఉన్న దారి కూడా మూసేశావు. ఇప్పుడు ఆయన పేరు ఎవరు రాసినా టీచర్ ఇంట్లోవాళ్ళే రాయించారంటారు."

"నువ్వు రాయవు, నన్ను రాయనివ్వవు. మరి ఎవరు రాస్తారు, వాన రాస్తుందా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. ముప్పై ఎనిమిదేళ్ళవాడు.

నేను నోరు మూసుకుని ఊరుకుంటే నీటికాకి వేసిన ప్రశ్న రెండు వారాల్లో మరుగున పడిపోయేది. ఊళ్ళో మూడు వందల ఇళ్ళున్నాయి, ఎవరో ఆకతాయి అనుకునేవారు. ఆ మాట నా మనసులోకి రాలేదంటే అబద్ధం. అయినా వ్యాసం వెనక ఉండే చర్చాపేజీ తెరిచి, అందరూ చూసేలా రాశాను.

"ఆ దిద్దుబాటు మా ఇంటి నుంచే వచ్చింది. చేసింది నా తమ్ముడు. వేలాయుధన్ ఆశారి నా తండ్రి. ఈ వ్యాసం మొదలుపెట్టింది నేనే, ఈ సంగతి ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇకమీద ఈ వ్యాసాన్ని ముట్టుకోను. అయితే ఇందులో పడవ కట్టినవారి పేరు తప్పని నాకు తెలుసు. నా మాట ఆధారం కాదు. సంబంధం లేనివాళ్ళు ఎవరైనా వెతికి, దొరికిందే రాయమని అడుగుతున్నాను. దొరకకపోతే ఉన్నదే ఉంచండి."

రెండు రోజులు నన్ను ఉతికి ఆరేశారు. నిర్వాహకత్వం వదులుకోమని ఒకాయన, ఇన్నేళ్ళూ మాకు నీతులు చెప్పిందా అని ఇంకొకావిడ. ఒక కుర్రాడైతే నేను దిద్దిన వెయ్యి వ్యాసాలూ తిరగతోడాలన్నాడు. లెక్కల టీచర్ని కదా, తప్పు చేసిన పిల్లల్ని బల్ల ఎక్కించి నిలబెట్టే అలవాటు నాకూ ఉండేది. ఆ వారం తర్వాత మానేశాను.

నీటికాకి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అదే నాకు భయంగా ఉంది.

ఇంతలో విజయప్పన్ ఫోను. "టీచర్, ఏదో గొడవ జరుగుతోందటగా అందులో? నాకనవసరం. శుక్రవారం పొద్దున్న ఏముంటే అది రాసుకుని ఆలప్పుళలో చెక్కేవాడికి ఇచ్చేస్తాను."

అది సోమవారం. మంగళవారం బడి వదిలాక ఫెర్రీ రేవులో నిలబడి ఉంటే ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. తెల్ల పంచె, చంకలో గొడుగు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పొట్లం ఒకటి ఛాతీకి హత్తుకుని ఉన్నాడు.

"ప్రసీద టీచరేనా? నేను నీటికాకిని."

నేను ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాను.

"ఔసేప్పచ్చన్. పుల్లాంకడవ్ గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పని చేశాను. అద్వితీయ సౌందర్యం గుర్తుందా?"

"ఉంది సార్. దానికి ఇప్పటికీ ఆధారం లేదు."

"నోరు తగ్గలేదు," అని నవ్వాడు. "నువ్వు ఊరుకుంటావనుకున్నాను. ఊరుకుంటే నిన్ను పట్టుకుని బజారుకీడుద్దామని కాచుకుని కూర్చున్నాను. నువ్వేమో నీ అంతట నువ్వే వచ్చి బజార్లో నిలబడ్డావు. నాకు పని లేకుండా పోయింది. చేసేదేముంది, వెతికాను." పొట్లం మీద తట్టాడు. "1979 నాటి మా క్లబ్బు సంచిక. మీవాళ్ళని తిడుతూ ఒక పేజీ ఉంది. అందులో మీ నాన్న పేరుంది."

చెయ్యి చాచాను. ఆయన పొట్లం వెనక్కి లాక్కున్నాడు.

"నీకు చూపించకూడదు కదమ్మా. నేనూ రాయకూడదు. ఆ ఏడు మా పడవలో తెడ్డు వేసినవాణ్ణి. మీ ఊరి మీద నాకున్న కక్ష నీకున్న ప్రేమ కంటే తక్కువేం కాదు. ఆ ముక్క కూడా చర్చలో రాసేస్తాను. ఇది రాయాల్సింది మనిద్దరం కాదు, పడవంటే ఏమిటో తెలియని మనిషి."

"అలాంటి మనిషి మన కేరళలో ఎక్కడ దొరుకుతారు సార్?"

"కొండల్లో," అన్నాడు, నన్ను ఎక్కించుకోవాల్సిన ఫెర్రీ కూత పెడుతుంటే.

బుధవారం పొద్దున్న ఆయన ఆ పేజీ ఫొటో తీసి చర్చలో పెట్టాడు. నేను బడిలో పిల్లలకి పరీక్ష పెట్టి, వెనక బెంచీలో కూర్చుని చదివాను.

"ఇల్లిప్పాడం వాళ్ళు ఈసారి పడవ కట్టించారో, ఆటబొమ్మ చేయించారో తెలియదు. చెల్లప్పన్ మూత్తాశారి అడుగుపలక వేసి మంచమెక్కితే, ఇంకా మీసం సరిగా రాని వేలాయుధన్ చేత మిగతాదంతా కట్టించుకున్నారు. ఫలితం ఏమిటయ్యా అంటే, ఎడమ పక్కకి ఒరిగి నడిచే పడవ. మేము వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా అది మాకు వంగి దణ్ణం పెడుతూ కనిపించింది."

నలభై ఆరేళ్ళ కిందటి వెక్కిరింత. అది చదివి నేను ఏడ్చాను. మా క్లబ్బు పొగడ్తలో లేని మా నాన్న, పక్క ఊరి తిట్టులో నిక్షేపంగా ఉన్నాడు. పిల్లలు లెక్కలు ఆపి నన్నే చూశారు.

సర్వస్వంలో అందరూ మెత్తబడ్డారు. పగవాడు పనిగట్టుకుని మీ నాన్నకి గొప్ప కట్టబెట్టడు, ఇంతకంటే గట్టి ఆధారం ఏముంటుంది అన్నారు. మధ్యాహ్నానికి రాయడానికి ఒక మనిషి ముందుకొచ్చింది. రుఖియ అని, కాసరగోడ్ కొండల్లో ప్రభుత్వాసుపత్రి నర్సు. పడవపోటీ టీవీలో కూడా చూడలేదని ముందే చెప్పింది. ఆవిడ ప్రశ్నలు చర్చాపేజీ నిండా పడ్డాయి. అడుగుపలక వేసినవాడు పడవ కట్టినట్టా కానట్టా? ఒరగడం అంటే మునగడమా? ఒక పడవకి నూరు మంది ఎందుకు, ఇంజను పెట్టుకోవచ్చు కదా?

"ఈవిడెవరో తెలివైన మనిషి," అన్నాడు సజీవన్.

ఆవిడ ఔసేప్పచ్చన్ సార్‌ని కూడా వదల్లేదు. మరుసటి ఏటి సంచికలో ఏముందో అదీ పెట్టమంది. ఆయన పాపం రెండు గంటలు తాత్సారం చేసి, చివరికి పెట్టాడు. "ఒరుగు సరిచేసుకుని వచ్చిన ఇల్లిప్పాడం ఈ ఏడు మనల్ని ఒక తెడ్డు పొడవున దాటిపోయింది" అని ఉంది అందులో. ఆ బాధ ఆయనకి ఎంతుందో నాకు తెలుసు.

గురువారం సాయంత్రానికి రుఖియ రాసేసింది. నేను చదివాను గానీ నాన్నకి చూపించలేదు, సజీవన్‌ని కూడా చూపించనివ్వలేదు. రేపెవడైనా వచ్చి, ఇంట్లోవాళ్ళు చదివి దిద్దించుకున్నారని అనకూడదు. "పేరు వస్తుంది అచ్ఛా" అని మాత్రం చెప్పాను; మేం నాన్నని పిలిచేది అచ్ఛా అనే.

"చెల్లప్పన్ మూత్తాశారిది?" అన్నాడు.

"అదీ ఉంటుంది."

తలూపాడు. తర్వాత లేచి, ఆయన పెట్టెలోంచి ఒక ఉలి తీసి, పదును బాగానే ఉన్నా మళ్ళీ పదును పెట్టడం మొదలుపెట్టాడు.

మిథునం తర్వాతి నెల కర్కిడకం చివర్లో, వాన తెరిపి ఇచ్చిన ఒక పొద్దున పడవని దింపారు. చేపనూనె పట్టించిన ఆంజిలి చెక్క పలకలు నల్లగా మెరుస్తున్నాయి. గట్టంతా జనం. పోటీ ఊళ్ళ పెద్దల్ని పిలవడం మర్యాద కాబట్టి ఔసేప్పచ్చన్ సార్ ముందు వరసలో కూర్చున్నాడు, చంకలో అదే పొట్లం. నాన్న వెనకాల వడ్రంగుల గుంపులో నిలబడ్డాడు.

విజయప్పన్ పడవశాల గోడ మీది తెర లాగి, మైకులో చదివాడు. "ఇల్లిప్పాడం చుండన్‌కు అడుగుపలక వేసినవారు చెల్లప్పన్ మూత్తాశారి. ఆయన జబ్బుపడగా మిగతా పడవ అంతటినీ కట్టినవారు, అప్పటికి యువకుడైన వేలాయుధన్ ఆశారి."

తెడ్లవాళ్ళు మొదలుపెట్టారు, తెడ్లతో నేల మీద కొట్టడం. నూరు తెడ్లు. నా పాదాల కింద గట్టు అదిరింది. సజీవన్ చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పడవ కెప్టెన్ కొత్త బట్ట రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడిచి వచ్చి, నాన్న ముందు తల వంచాడు. నాన్న చేతులు చాచాడు.

విజయప్పన్ ఇంకా చదువుతూనే ఉన్నాడు. ఒక్క అక్షరం వదలకూడదని తీర్మానం కదా. "మొదటి ఏడు ఈ పడవ ఎడమ పక్కకు ఒరిగేది. మరుసటి ఏటికి ఆ లోపాన్ని సరిచేశారు."

చాచిన చేతులు ఆగిపోయాయి.

"ఎడమా?" అన్నాడు నాన్న. "ఎడమ అని ఎవడు చెప్పాడు?"

"అచ్చులో ఉంది ఆశారీ," ముందు వరసలోంచి ఔసేప్పచ్చన్ సార్ లేచి నిలబడి పొట్లం ఊపాడు. "మా సంచికలో."

"మీ సంచిక తగలెయ్య! ఒరిగింది కుడికి. కట్టినవాణ్ణి నాకు తెలియదా?"

"పక్కనే తెడ్డు వేసినవాణ్ణి, నాకు తెలియదా?"

"పక్కనెక్కడున్నారయ్యా? ఆ ఏడు మీరు ముందున్నారు. వెనక్కి తిరిగి చూశారు. వెనక్కి తిరిగినవాడికి మా కుడి ఎడమవుతుంది!"

గట్టంతా గొల్లుమంది. తెడ్లవాళ్ళు ఈలలు వేశారు. ఔసేప్పచ్చన్ సార్ అక్కడికక్కడే వెనక్కి తిరిగి, చేతులు చాచి, ఏది కుడో ఏది ఎడమో చూసుకున్నాడు. ఆయన ముఖం మారిపోయింది. అయినా పట్టు వదల్లేదు. "అయితే అచ్చులో చూపించు ఆశారీ. నీ మాట ఆధారం కాదు."

నాన్న నా వైపు తిరిగాడు. "మోళే, నువ్వు చెప్పు!"

ఊరంతా నా వైపు చూసింది. నేను రెండు చేతులూ ఎత్తేశాను. "నేను మాట్లాడకూడదు అచ్ఛా."

ఆ మాటతో ఆయనకి ఎక్కడ లేని ఉషారు వచ్చింది. కొత్త బట్ట భుజాన వేసుకుని, తడినేల మీద గొంతుక్కూర్చుని, కర్రపుల్లతో అడుగుపలక గీశాడు. ఎక్కడ బరువు ఎక్కువైంది, కుడికే ఎందుకు ఒరిగింది, మరుసటి ఏడు ఏ పలక ఎంత మందాన చెక్కితే నిలబడింది. తెడ్లవాళ్ళు, వడ్రంగులు, పుల్లాంకడవ్ వాళ్ళు, అందరూ ఆయన మీదికి వంగి ఒకేసారి అరుస్తున్నారు. కొత్త బట్ట అంచు బురదలో నానుతోంది. నలభై ఏడేళ్ళలో ఆ పడవ గురించి మా నాన్నతో ఎవరైనా పోట్లాడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆయనతో పోట్లాడాలని ఎవరికీ తెలియదు.

ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉంది, సర్వస్వంలోనూ, ఇత్తడి రేకు మీదా. రెండు నిమిషాల పని, కానీ నేను ముట్టుకోను. నాన్న మాత్రం మా ఇంటికి ఎవరొచ్చినా పడవశాలకి లాక్కుపోతాడు. "ఇందులో ఒక తప్పుంది, పైనుంచి చదువు," అంటాడు. వాళ్ళు పైనుంచి, ఒక్కొక్క అక్షరమే గట్టిగా పలుకుతూ, ఆయన పేరు మీదుగా ఆ తప్పు దాకా చదువుకుంటూ వస్తారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, గోడ వైపు చూడకుండా వింటూ ఉంటాడు.